రెండో అంతస్తులో వరద

రేవు దగ్గరి రెస్క్యూ బోటు స్టేషనుకి ఆ రోజు పదింటికి తనిఖీ. అందుకని అక్కడ పడవ నడిపే సరంగుగారు తెల్లవారుతూనే లేచి, గడ్డం గీసుకుని, భోజనాల బల్ల ముందు కూర్చుని, వంటింటి త్రాసు మీద సిలిండర్లు తూచడం మొదలుపెట్టారు.

సిలిండర్లంటే పొయ్యికింద పెట్టేవి కావు. బొటనవేలంత లావున, అరచేతంత పొడుగున ఉండే ఇనప గొట్టాలు. కొత్తగా వచ్చిన నాలుగు లైఫ్ జాకెట్లలో ఒక్కోదానికి ఒక్కోటి ఉంటుంది. ఆ జాకెట్టు మామూలుగా చూస్తే మెడలో వేసుకున్న వెడల్పాటి పట్టీలా ఉంటుంది. నీళ్ళలో పడితే మాత్రం లోపలున్న చిన్న బిళ్ళ కరిగి, సిలిండరు తెరుచుకుని, కళ్ళు మూసి తెరిచేలోగా పసుప్పచ్చటి దిండులా ఉబ్బుతుంది. సిలిండరు మీద రాసి ఉన్న బరువు కంటే రెండు గ్రాములు తగ్గినా అది పనికిరాదని రూలు. స్టేషను త్రాసు పాడై మూడు నెలలైంది. కొత్తదాని కోసం పెట్టిన అర్జీ ఏ బల్లమీద నిద్రపోతోందో తెలియదు. స్టేషను సామాను గడప దాటకూడదన్నదీ రూలే. పద్దెనిమిదేళ్ళ సర్వీసులో సరంగుగారు తప్పిన మొదటి రూలు అది. అదీ ఇంకో రూలు నిలబెట్టడానికి.

ఆ తనిఖీ ఆషామాషీది కాదు. పోయిన ఏడు తనిఖీలో తప్పిన రెండు స్టేషన్లను మూసేసి, వాటి పడవల్ని వేరేచోటికి తరలించారు. ఇప్పుడీ రేవులో పడవ లేకపోతే, ఎవరైనా నీళ్ళలో పడ్డప్పుడు పక్క స్టేషను పడవ రావడానికి నలభై నిమిషాలు పడుతుంది. మనిషి నీళ్ళలో నలభై నిమిషాలు ఎవరికోసమూ ఆగడు.

తూకం సరిపోయింది. సిలిండర్లు మళ్ళీ బిగించి, నాలుగు జాకెట్లనీ బల్ల చుట్టూ ఉన్న నాలుగు కుర్చీలకీ తగిలించారు. నలుగురు చుట్టాలు భోజనానికి కూర్చున్నట్టు కనిపించాయి. బయట చినుకులు పడుతున్నాయి. చినుక్కి ఉబ్బవని కంపెనీవాళ్ళు రాశారు గానీ, తనిఖీ రోజున వాళ్ళ మాట పరీక్షించే ఉద్దేశం ఆయనకి లేదు. తను స్కూటరు మీద వెళ్ళి ఇంజను చూసుకోవడం, తొమ్మిదింటికి మెకానిక్‌ని జీపిచ్చి పంపి జాకెట్లు తెప్పించుకోవడం, ఇదీ ప్లాను. భార్య అప్పటికే బడికి వెళ్ళిపోయింది. ఇంట్లో ఉన్నది నెల రోజులుండి పోదామని వచ్చిన అత్తగారు ఒక్కరే.

"అత్తయ్యా, వీటిని ముట్టుకోకండి. పదింటికి పెద్దాఫీసరు వీటిని చూస్తాడు."

"ఇలాగే చూస్తాడా?"

"ఇలాగే చూస్తాడు," అని ఆయన వెళ్ళిపోయారు.

అత్తగారు ముప్ఫై మూడేళ్ళు ఆసుపత్రిలో పనిచేసి, హెడ్ నర్సుగా రిటైరయ్యారు. ఆవిడ వార్డులో దుప్పటి మీద మరక కనిపిస్తే డాక్టర్లు కూడా చేతులు వెనక్కి పెట్టుకుని నిలబడేవారట. ఆవిడ నాలుగు కుర్చీల చుట్టూ ఒక ప్రదక్షిణ చేశారు. ఒకదాని కాలరు మీద గ్రీజు వేలిముద్ర. ఇంకోదాని నడుం పట్టీకి ఎండిన బురద. 'పాపం, అల్లుడు మొహమాటస్తుడు. అత్తగారి చేత బట్టలు ఉతికించుకోవడం ఇష్టంలేక ముట్టుకోవద్దన్నాడు' అనుకున్నారు. ఆ మాట మీద గౌరవంతోనే రబ్బరు తొడుగులు వేసుకుని, నాలుగింటినీ తీసుకెళ్ళి బాత్‌రూమ్‌లోని వాషింగ్ మెషినులో వేశారు. చప్పుడు బయటికి వినబడకుండా తలుపు కూడా వేసుకున్నారు.

మొదటి 'ఢబ్' వినబడినప్పుడు బకిలు దేనికో కొట్టుకుందనుకున్నారు. రెండో ఢబ్‌కి మూత లేచింది. మూడో ఢబ్‌కి పసుప్పచ్చటిదేదో అందులోంచి తల బయటపెట్టింది. నాలుగోదానితో మెషిను గెంతడం మొదలుపెట్టింది. ఒక్కో గెంతుకీ జానెడు చొప్పున తలుపువైపు జరిగి, వీపు తలుపుకి ఆనించి, ఆగిపోయింది. ఎగిరిపడ్డ జాకెట్టొకటి వెళ్ళి మెషిను ముందు భాగానికీ ఎదురు గోడకీ మధ్య ఇరుక్కుంది. కుళాయి నుంచి గొట్టం, దాంతోపాటు కుళాయి తిప్పే పిడి కూడా ఊడిపోయాయి. నీళ్ళు ధారగా వచ్చి పడుతున్నాయి. నీళ్ళు పోయే తూము సరిగ్గా మెషిను కిందికి వచ్చింది.

ఆవిడ కంగారు పడలేదు. కంగారు పడేవాళ్ళని వార్డులోంచి బయటికి పంపడం ఆవిడకి అలవాటు. ఇక్కడ పంపడానికి ఎవరూ లేరు. స్టూలు లాక్కుని కూర్చుని, చేతికందిన జాకెట్టు లోపల కుట్టిన సూచనల గుడ్డ చదవడం మొదలుపెట్టారు.

*

స్టేషనుకి అధికారి పదింటికి బదులు తొమ్మిదింటికే వచ్చాడు. సన్నగా, పొడుగ్గా, చేతిలో రాసుకునే అట్టతో ఉన్నాడు.

"నేను పదంటే తొమ్మిదికి వస్తాను. అప్పుడే అసలు స్టేషను కనిపిస్తుంది," అన్నాడు. జీపు తాళాలు పట్టుకుని బయల్దేరబోతున్న మెకానిక్‌ని చూసి, "నేనున్నంతసేపూ సిబ్బంది కదలకూడదు," అన్నాడు.

మెకానిక్ తాళాలు జేబులో వేసుకుని సరంగుగారి వైపు చూశాడు. సరంగుగారు నీళ్ళలో దూకే డైవరు అమ్మాయి వైపు చూశారు. ఆ అమ్మాయి నదివైపు చూసింది.

తనిఖీ మొదలైంది. తెడ్లు రెండు. మంటలార్పే డబ్బా. మందుల పెట్టె. విజిళ్ళు. ఇంజను ఆపే తాడు, అంటే ఒక కొస నడిపేవాడి చేతికి, ఇంకో కొస ఇంజనుకి ఉండేది. వాడు నీళ్ళలో పడితే ఇంజను దానంతటదే ఆగుతుంది. డైవరు అమ్మాయి విసిరే తాడుని విసిరి చూపించింది. అది వెళ్ళి పాతిక అడుగుల దూరంలోని గుంజకి తగిలింది.

"ఎవరి డ్యూటీ ఏమిటి?" అన్నాడు అధికారి.

"నడిపేది నేను సార్. చుట్టూ కనిపెట్టేదీ ఇంజను చూసేదీ మెకానిక్. తాడు విసిరేదీ నీళ్ళలో దిగేదీ ఈ అమ్మాయి. నేను చెప్పందే ఎవరూ దిగరు. నా మాట నచ్చకపోతే ఒడ్డుకొచ్చాక చెబుతారు."

"రోజూ చెబుతూనే ఉంటాం సార్," అన్నాడు మెకానిక్.

"కొత్త లైఫ్ జాకెట్లు నాలుగు ఉండాలి. ఎక్కడ?"

సరంగుగారికి అబద్ధం చేతకాదు. నిజం చెప్పడానికి ధైర్యం చాల్లేదు. "తూకానికి వెళ్ళాయి సార్," అన్నారు.

అధికారి ఏదో రాసుకుంటూండగా ఫోను మోగింది. కంట్రోల్ రూమ్ నుంచి.

"వరద. పెద్దావిడ ఒకరు నీళ్ళలో చిక్కుకున్నారు. తలుపు కొట్టినా తెరవడం లేదు. లోపల పేలుళ్ళు వినిపించాయంటున్నారు. రాసుకోండి. ఎనిమిదో వీధి, పచ్చ గేటు బిల్డింగు, రెండో అంతస్తు, కుడివైపు వాటా."

సరంగుగారు రిజిస్టర్లో రాస్తూ రాస్తూ 'కుడివైపు' దగ్గర ఆగిపోయారు. అది ఆయన ఇల్లే.

"ఏమైంది?" అన్నాడు అధికారి.

"రెండో అంతస్తుదాకా నీళ్ళట సార్."

అధికారి కిటికీలోంచి నదివైపు చూశాడు. నది ఎక్కడుండాలో అక్కడే ఉంది. మెట్లమీద ఒక కాకి పాదాలు తడవకుండా నీళ్ళు తాగుతోంది.

"కాల్ నమ్మేలా లేదు. రూలేమిటి?"

"నిజమో కాదో స్టేషనులో కూర్చుని తేల్చకూడదు. అయిదు నిమిషాల్లో కదలాలి."

"మరి కదలండి. పడవతో సహా. తీరా వెళ్ళాక నీళ్ళుంటే?"

స్టోరులోంచి పాత బెండు జాకెట్లు తీశారు. ముగ్గురు తొడుక్కున్నారు. నాలుగోది డైవరు అమ్మాయి అధికారికి అందించింది. "నేను చూడ్డానికి వచ్చాను," అన్నాడాయన. "జాకెట్టు లేకుండా ఎవరూ రాకూడదు సార్," అంది ఆ అమ్మాయి. అది చిన్నపిల్లల సైజు. ఆయన చేతులు రెండూ రెక్కల్లా పైకి లేచి ఉండిపోయాయి.

రబ్బరు పడవని ట్రైలరు మీద లాక్కుంటూ జీపు పొడి వీధుల్లో బయల్దేరింది. సరంగుగారు దారి పొడుగునా ఇంటికి ఫోను చేస్తూనే ఉన్నారు. మోగుతోందే గానీ ఎవరూ ఎత్తడం లేదు. పేలుళ్ళు అన్న మాట ఆయన చెవిలో తిరుగుతోంది. గ్యాసేమో. ఆవిడకి డెబ్భై ఒకటి. భార్యకి ఏమని చెప్పాలి?

మలుపు దగ్గర ట్రాఫిక్ కానిస్టేబులు చెయ్యడ్డం పెట్టి, పడవనీ నలుగురి జాకెట్లనీ చూసి, "నీళ్ళెక్కడండీ?" అని అడిగాడు.

"అక్కడికే వెళ్తున్నాం," అన్నాడు మెకానిక్.

పచ్చ గేటు దగ్గర కింది వాటా తెలుగు మేష్టారు గొడుగు వేసుకుని నిలబడి ఉన్నారు. ఆయన వచ్చింది ఇంట్లోంచే. పైకప్పు నుంచి నీళ్ళు కారుతుంటే గొడుగు లోపలే విప్పారు.

"వరద అని మీరేనా చెప్పింది?" అన్నాడు అధికారి.

"వరద అనలేదండీ. వరదలా వస్తోంది అన్నాను. ఉపమానం."

"వాళ్ళు ఉపమానాలు రాసుకోరు మేష్టారూ," అంటూ సరంగుగారు మెట్లు రెండేసి చొప్పున ఎక్కేశారు.

గడప కింద నుంచి నీళ్ళు వస్తున్నాయి. అధికారి రొప్పుతూ వచ్చి, "తలుపు పగలగొట్టండి," అన్నాడు. సరంగుగారు జేబులోంచి తాళంచెవి తీసి తలుపు తెరిచారు.

అధికారి ఒక్క క్షణం ఆలోచించాడు. "ఈ తాళంచెవి మీ దగ్గర ఎలా ఉంది?"

"మా ఇల్లే సార్."

మెకానిక్ ముందు కరెంటు మెయిన్ ఆపి, ఆ వెంటనే డాబా మీదికెళ్ళి ట్యాంకు వాల్వు కట్టేశాడు. నీళ్ళ చప్పుడు ఆగింది. బాత్‌రూమ్ తలుపు నెడితే నాలుగు వేళ్ళ సందు మాత్రం వచ్చింది. సరంగుగారు కుర్చీ వేసుకుని, పైకెక్కి, వెంటిలేటర్లోంచి లోపలికి చూశారు.

"అత్తయ్యా! బాగున్నారా?"

"నాకేం? పాదాలు నానాయంతే. మీరిక్కడేం చేస్తున్నారు? ఆఫీసుకి వెళ్ళండి, పెద్దాఫీసరు వచ్చే వేళైంది."

"అలాగే వెళ్తాను. ముందు ఆ గోడకీ మెషినుకీ మధ్య ఇరుక్కున్నదానికి నోటితో ఊదే గొట్టం ఉంటుంది చూడండి. దాని మూతి నొక్కితే గాలి పోతుంది. మెషిను జరుగుతుంది."

"తియ్యను. గాలి తీసేస్తే ఆయనకేం చూపిస్తారు? తప్పు నాది. అసలిక్కడ జరిగింది ఆయన చెవిన పడనివ్వకండి. మెషిను బాగుచెయ్యడానికి వచ్చినవాడు పాడుచేశాడని చెప్పండి."

"అత్తయ్యా, ఆయన ఇక్కడే ఉన్నారు."

"ఇక్కడ అంటే?"

"నేనెక్కిన కుర్చీ పట్టుకుని ఉన్నారు."

లోపలి నుంచి 'సుయ్య్' మని గాలి పోతున్న చప్పుడు వినిపించింది.

ముగ్గురూ కలిసి నెడితే మెషిను జరిగింది. తలుపు తెరుచుకుంది. అత్తగారు స్టూలు మీద నిటారుగా కూర్చుని ఉన్నారు. మెడచుట్టూ ఉబ్బిన జాకెట్టు. నడుం పట్టీ బిగించి ఉంది. కాళ్ళ మధ్య నుంచి వచ్చే పట్టీ కూడా చీరమీదుగా తీసి బకిలు పెట్టుకున్నారు. విజిల్ చేతిలో సిద్ధంగా ఉంది. అధికారి దగ్గరికి వెళ్ళి, ఆవిడ అనుమతి అడిగి, భుజం దగ్గర జాకెట్టు పట్టుకుని పైకి లాగి చూశాడు. అంగుళం కూడా కదల్లేదు.

"ఎవరు నేర్పారమ్మా?"

"లోపల రాసుంది. రాసింది చదవడానికేగా?"

అధికారి వెనక్కి తిరిగి మెకానిక్‌ని చూశాడు. అతని కింది పట్టీ మోకాళ్ళ దగ్గర వేలాడుతోంది.

డైవరు అమ్మాయి బకెట్టు తెచ్చి నీళ్ళు ఎత్తిపోయడం మొదలుపెట్టింది. మేష్టారు గొడుగు మడిచి చీపురు అందుకున్నారు. అధికారి భోజనాల బల్ల దగ్గర కూర్చుని, ఇరుకు జాకెట్టులోంచి అతికష్టం మీద చెయ్యి ముందుకి తెచ్చి, కలం తీశాడు.

సరంగుగారు ఆయన ఎదురుగా నిలబడ్డారు. "సార్, జాకెట్లు ఇంటికి తెచ్చింది నేను. మా అత్తగారికి గానీ, వీళ్ళకి గానీ సంబంధం లేదు. నా పేరు మీదే రాయండి. పడవని మాత్రం ఇక్కడే ఉంచండి. రేవులో మనుషులు పడుతూనే ఉంటారు."

"మీ పేరు మీదే రాశాను. ఇంటికి తెచ్చినందుకు మెమో వస్తుంది," అన్నాడు అధికారి. తర్వాత కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "మెషినులో వేసినవెన్ని?"

"నాలుగు."

"ఉబ్బినవి?"

"నాలుగూ సార్."

"ఈ ఏడు పదకొండు స్టేషన్లు చూశాను. ఒక్క జాకెట్టు నీళ్ళలో వేసి చూపించండి అంటే, సిలిండరు వృథా అవుతుందని అందరూ నా కాళ్ళు పట్టుకున్నంత పని చేశారు. ఆపైన నేనే పట్టుబట్టి వేయిస్తే మూడుచోట్ల రాళ్ళలా మునిగాయి. సబ్బునీళ్ళలో, కుదుపుల మధ్య పరీక్షించింది మీరొక్కరే." కళ్ళజోడు పెట్టుకుని మళ్ళీ రాశాడు. "నీటి పరీక్ష, నాలుగింటికి నాలుగు. కాల్ వచ్చాక కదలడానికి నాలుగు నిమిషాలు. ప్రాణనష్టం లేదు. పడవ ఎక్కడికీ పోదు."

సరంగుగారు కూర్చుందామని కుర్చీ లాక్కున్నారు. అది తడిసి ఉంది. అయినా కూర్చున్నారు.

పదిహేను రోజుల తర్వాత స్టేషనుకి రెండు ఉత్తరాలు వచ్చాయి. ఒకటి సరంగుగారికి మెమో. రెండోది, సిబ్బందికి జాకెట్టు సరిగ్గా వేసుకోవడం నేర్పడానికి ఏయే రోజులు వీలవుతుందో తెలపవలసిందని అత్తగారిని కోరుతూ. దాన్ని సరంగుగారే ఇంటికి తీసుకెళ్ళి, ఆఫీసు పద్ధతి ప్రకారం సంతకం పెట్టించుకుని, ఆవిడకి అందజేశారు.