జారుడు ధ్రువీకరణ

కారు వెనక చక్రాలు రెండింటికీ ఇంజను బలాన్ని ఎలా పంచాలన్నది ఇక మీదట పౌరుల ఇష్టాయిష్టాలకు వదిలేసే విషయం కాదని చక్రాల సమన్యాయ శాఖ తీర్మానించింది. (అంతవరకూ చక్రాలు ఈ శాఖ లేకుండానే తిరిగాయి. ఎలా తిరిగాయో విచారణ జరుగుతోంది.)

ఈ తీర్మానం తిన్నగా వచ్చి పళ్ళ డాక్టరమ్మ మెడకు చుట్టుకుంది. ఆదివారం కొండదారిలో కార్ల పందెం. మూడేళ్ళుగా ఆమె సొంత మరిది చేతిలోనే ఓడిపోతోంది, అతను గెలిచిన కప్పును ఇంటి హాల్లో రోజూ చూడాల్సి వస్తోంది. లోపం ఆమె డ్రైవింగ్‌లో లేదు. మలుపు తిరిగినప్పుడల్లా లోపలి చక్రం తేలికైపోయి, ఇంజను బలమంతా తనే మింగి, ఉత్తినే గిరగిరా తిరుగుతుంది. పని చేసే బయటి చక్రానికి ఏమీ మిగలదు. (శాఖలో ఈ ఏర్పాటును సీనియారిటీ అంటారు.)

"లిమిటెడ్ స్లిప్ డిఫరెన్షియల్ వేయించెయ్యండమ్మా, జారే చక్రాన్ని అది పట్టి ఆపుతుంది," అన్నాడు మెకానిక్. "ప్లేట్లదైతే గట్టిగా పట్టేస్తుంది గానీ చప్పుడెక్కువ. గేర్లది మెత్తగా పోతుంది. ఏది కావాలి?"

"మా మరిది నోరు మూయించేది."

"అయితే ప్లేట్లదే."

ఎంపిక అర నిమిషంలో అయిపోయింది. శాఖ దృష్టిలో అదే మొదటి అనుమానాస్పద చర్య.

మంగళవారం క్లినిక్ మూసేసి, డిఫరెన్షియల్ బిగించుకునే పర్మిషన్ కోసం ఆమె శాఖ ఆఫీసుకు దరఖాస్తు పట్టుకెళ్ళింది. జారుడు నిర్ధారణాధికారి కళ్ళజోడు సవరించుకున్నాడు.

"చక్రం జారుతోందనడానికి రుజువేదమ్మా?"

ఆఫీసు ముందున్న తిన్నని రోడ్డు మీద, ఇరవై కిలోమీటర్ల వేగంతో పరీక్ష జరిగింది. జారలేదు.

"మలుపులో జారుతుందండీ!"

"మలుపులు వేరే శాఖమ్మా."

డాక్టరమ్మకు ఒళ్ళు మండింది. ఆఫీసు ఆవరణలోనే కారును గిర్రున ఒక చుట్టు తిప్పింది. లోపలి చక్రం పొగలు కక్కింది. అధికారి పరవశించిపోయి, అక్కడికక్కడే జారుడును ధ్రువీకరించాడు. జారే కారు రోడ్డెక్కడం ప్రమాదకరం కనుక, అక్కడికక్కడే దాన్ని సీజ్ కూడా చేశాడు. (డిఫరెన్షియల్ బిగించుకుంటే విడిపించుకోవచ్చు. ఆవరణలో బిగించడం నిషేధం.)

ఆదివారం ఆమె జనంలో నిలబడి పందెం చూసింది. మరిది కారు ప్రతి మలుపునూ పట్టుకుని తిరిగి, మొదటి స్థానంలో వచ్చింది.

"పోయిన వారమే ప్లేట్లది బిగించేశా వదినా," అన్నాడతను గుసగుసగా.

"పర్మిషన్ ఎవరిచ్చారయ్యా?"

"అడిగితే కదా, ఇవ్వాలో వద్దో వాళ్ళు ఆలోచించేది!"

కప్పు అందించడానికి ముఖ్య అతిథిగా వచ్చిన జారుడు నిర్ధారణాధికారి ఆమెను గుర్తుపట్టి, మరిది కారును ఆప్యాయంగా తట్టాడు.

"చూశారా డాక్టరమ్మా, ఒక్క మలుపులోనైనా జారిందా? ఇలాంటి కారుకి డిఫరెన్షియల్ కావాలంటే మా శాఖ చచ్చినా పర్మిషన్ ఇవ్వదు."