ఎడమ మోకు

కోటప్పకొండ తిరునాళ్ళలో మేనేజర్లందరూ నేర్చుకోదగ్గ నాయకత్వ పాఠాలు దాగి ఉన్నాయనీ, ఇన్నాళ్ళూ వాటిని ఎవరూ వెలికి తీయకపోవడం గత ప్రభుత్వాల ఘోర వైఫల్యమనీ నాయకత్వ వికాస శాఖ మంత్రి తిరుపతిరావు గారు నరసరావుపేట గెస్ట్‌హౌస్‌లో ప్రకటించారు. విలేకరులమంతా గట్టిగా చప్పట్లు కొట్టాం. టిఫిన్ ఇంకా రాలేదు మరి.

ఆ శాఖ ఏం చేస్తుందని మీకు అనుమానం రావచ్చు. నాకూ వచ్చింది, అడిగేశాను. "నాయకత్వాన్ని వికసింపజేస్తుంది" అన్నారు మంత్రిగారు. ఇంత సూటిగా జవాబు చెప్పే మంత్రిని నేను ఈ చుట్టుపక్కల చూడలేదు.

ఆయన పక్కన హైదరాబాద్ నుంచి వచ్చిన కన్సల్టెంట్ హర్ష నిలబడి, ల్యాప్‌టాప్ తెరిచి గోడ మీద బొమ్మలు చూపించాడు.

"గుడిలో శివుడి ఎదురుగా కూర్చున్న నందిని చూడండి. లీవ్ అడగదు, ఇంక్రిమెంట్ అడగదు, ఎప్పుడు చూసినా బాస్ వైపే చూస్తుంటుంది. దీన్నే ఎంప్లాయీ ఎంగేజ్‌మెంట్ అంటారు."

మంత్రిగారు తన పీఏ వైపు చూశారు. పీఏ అప్పటికే మంత్రిగారి వైపు చూస్తున్నాడు.

"ఈ కొండ మీద కాకి వాలదంటారు. అంటే ఏమిటి? నెగెటివ్ మైండ్‌సెట్‌కి నో ఎంట్రీ. ఇక లక్షల మంది జనం. జీతం లేదు, టార్గెట్ లేదు, అపాయింట్‌మెంట్ ఆర్డర్ లేదు. అయినా కొండెక్కుతున్నారు!"

"మన ఆఫీసుల్లో ఆ మూడూ ఉన్నా మెట్లెక్కరు" అన్నారు మంత్రిగారు, నిజమైన బాధతో.

కార్యక్రమం ఇదీ. శివరాత్రి నాడు కొండకు పోయే రోడ్డుకు కుడి పక్కన గ్యాలరీ కడతారు. స్పిన్నింగ్ మిల్లులు, మిర్చి కోల్డ్ స్టోరేజీలు, సిమెంటు ఫ్యాక్టరీల మేనేజర్లను అందులో కూర్చోబెట్టి, ఒక ఊరి ప్రభ ఎలా నడుస్తుందో కళ్ళారా చూపిస్తారు. పైన డ్రోన్ తిరుగుతుంది. ఆ డ్రోన్ చూసేదంతా రాజధానిలో పార్టీ అధిష్ఠానం కూడా అప్పటికప్పుడే చూస్తుంది.

అసలు సంగతి ఆయన టిఫిన్ దగ్గర నా చెవిలో చెప్పారు. "ఉగాదికి మంత్రివర్గంలో మార్పులున్నాయి తమ్ముడూ. నా పదవి అంచు మీదుంది. నియోజకవర్గం మొత్తం నా వెనకే ఉందని పైవాళ్ళు కళ్ళతో చూడాల. ఈ ప్రభ నిలబడితే నేను నిలబడినట్టే." చెబుతుండగానే ఇడ్లీ చల్లారిపోయింది, ఆయన ముట్టుకోలేదు. నాకు నిజంగానే జాలేసింది. ఆ ఇడ్లీ నేను తిన్నాను.

ఎంపికైన ఊరు వేములగుంటపాలెం. ప్రభ చూడని వాళ్ళ కోసం ఒక్క మాట. వెదురు బొంగులు కట్టి, రంగుగుడ్డలు చుట్టి, బల్బులు పెట్టి, తాటిచెట్టు కన్నా ఎత్తున లేపి, ట్రాక్టర్ ట్రక్కు మీద నిలబెట్టి కొండదాకా తీసుకుపోతారు. అది పోయే దారిలో కరెంటు తీసేస్తారు. దాని పైనుంచి కుడికి కొన్ని మోకులు, ఎడమకు కొన్ని మోకులు దిగుతాయి. జనం వాటిని చెరో పక్క నుంచీ బిగబట్టి నడుస్తారు. ట్రక్కు మీద ఒకడు నిలబడి ఈల ఊదుతూ ఎటు లాగాలో చెబుతాడు. ఈ ఊళ్ళో ఆ ఈల కొండలు అనే అతనిది.

ఇక్కడ ఇంకో ఆనవాయితీ ఉంది. కుడి మోకులు వంకాయరంగు కండువాల పార్టీవి, అంటే మంత్రిగారివి. ఎడమ మోకులు ఇటుకరంగు కండువాల పార్టీవి. వాళ్ళ పెద్ద మాజీ సర్పంచ్ వెంకట్రామయ్య. రెండు వర్గాలకూ ఉప్పూ నిప్పూ. అవతలి వాడి మీది కక్షతో పళ్ళు బిగించి కొండదాకా ఎవరి వైపు వాళ్ళు లాగుతారు. అందుకే ఆ ప్రభ ఏనాడూ బెత్తెడు కూడా ఒరగలేదు.

ట్రయల్ రన్ చూసిన హర్ష కంగారుపడ్డాడు.

"సార్, సగం మంది రివర్స్‌లో లాగుతున్నారు!"

"ఎడమ వాళ్ళేనా? వాళ్ళు మొదట్నుంచీ అంతే. అసెంబ్లీలో కూడా అంతే."

"ఫిఫ్టీ పర్సెంట్ ఎనర్జీ వేస్ట్ సార్! అందరూ ఒకే వైపు లాగాలి. టీమ్ అలైన్‌మెంట్!"

"అందరూ ఒకే పక్క లాగితే పడుద్ది సార్" అన్నాడు కొండలు ట్రక్కు మీది నుంచి.

"పడుద్ది" అన్నారు కుడి వాళ్ళు. "పడక చస్తదా" అన్నారు ఎడమ వాళ్ళు. ఊళ్ళో ఆ రెండు వర్గాలూ ఏకాభిప్రాయానికి రావడం అదే మొదలని నాతో ఎవరో అన్నారు.

మంత్రిగారు ఎడమ మోకుల వైపు వేలు చూపించారు. "పడేది తర్వాత సంగతి. డ్రోన్‌లో ఎట్టా కనపడుద్ది? సగం రోడ్డు ఇటుకరంగు కనపడితే నా పని అయిపోయినట్టే."

ఆ సాయంత్రమే వెంకట్రామయ్య ఇంటికి వెళ్ళాం.

"బాబాయ్, మా పార్టీలోకి రా."

"మా నాయన కాలం నించీ ఎడమ మోకు మాది. చచ్చినా వదలను."

"ఏం కావాల?"

"మా పొలానికి ట్రాన్స్‌ఫార్మర్."

"ఇస్తా."

"వదిలేశా."

ఇంత వేగంగా సమస్యలు పరిష్కారమయ్యే జిల్లా మరొకటి ఉండదు. వెంకట్రామయ్య మెడ వంచాడు, మంత్రిగారి చేతులు వంకాయరంగు కండువా కప్పాయి. ఆ చేతుల సంగతి కూడా చెప్పాలి. ఎదురుగా ఎవరి మెడ వంగినా అవి వాటంతటవే కండువా కప్పేస్తాయి. ఒకసారి తెగిన చెప్పు సరిచేసుకుందామని వంగిన ప్రతిపక్ష నాయకుడికి అలాగే కప్పేస్తే, ఆయన మొహమాటం కొద్దీ ఈ పార్టీలోనే ఉండిపోయాడు.

వెంకట్రామయ్య భార్య నాంచారమ్మ మాత్రం గుమ్మంలోంచి కేకలేసింది. "ఏందయ్యా ఇది! పొద్దున ఇటుకరంగు, మాపటికి వంకాయరంగు! రెండు రంగులూ ఒక్క బక్కెట్లో నానబెడితే నా చీరెలేం గావాల?" అని పాత ఇటుకరంగు కండువా లాక్కుని, చుట్టచుట్టి, మజ్జిగ కుండ కింద చుట్టకుదురుగా పెట్టుకుంది.

రెండు రోజుల్లో ఊరు ఊరంతా వంకాయరంగులోకి మారిపోయింది. మంత్రిగారు ఆనందం పట్టలేక నన్ను కూడా కౌగిలించుకున్నారు. అప్పుడు కొండలు వచ్చి తల గోక్కున్నాడు.

"అంతా బానే ఉంది సార్. ఎడమ మోకు ఎవరు పట్టుకుంటారు?"

"వంకాయరంగు కండువాతోనే సగం మంది అటు పట్టుకోండి."

ఎవరూ కదల్లేదు. వెంకట్రామయ్య గొంతు సవరించుకున్నాడు. "అటు నిలబడితే జనం ఏమనుకుంటారు? పోయినోడు మళ్ళీ వెనక్కొచ్చాడనుకోరూ? నాకూ ఒక పరువుంది." మిగతావాళ్ళకు పింఛన్లున్నాయి, రేషన్ కార్డులున్నాయి. అందరి బాధా న్యాయమైనదే.

హర్ష దగ్గర దీనికీ పరిష్కారం ఉంది. "ఔట్‌సోర్స్ చేద్దాం సార్." అలా 'ఒక్కరోజు ప్రతిపక్షం కావలెను' అని ప్రకటన వెలువడింది. నూజెండ్ల వైపు నుంచి స్లాబులు పోసే కూలీలను మేస్త్రీ ప్రభుదాసు లారీలో తీసుకొచ్చాడు. డ్రోన్‌కు కనపడకుండా ఉండేందుకు వాళ్ళకు రోడ్డురంగు చొక్కాలు కుట్టించారు. ప్రతిపక్షాన్ని కూడా ప్రభుత్వమే సొంతంగా నడుపుకోవడం నాకు తెలిసినంతలో ఇదే ప్రథమం.

"గట్టిగా ఎదురు లాగాలి, కానీ గెలవకూడదు" అని హర్ష వాళ్ళకు ట్రైనింగ్ ఇచ్చాడు.

శివరాత్రి వచ్చింది. ఎండ నడినెత్తి మీదికొచ్చేసరికి ప్రభ గ్యాలరీకి ఎదురుగా చేరింది. కుడి పక్క వంకాయ తోటలా ఉంది. ఎడమ పక్క, పైనుంచి చూస్తే, ఖాళీ రోడ్డు. "హండ్రెడ్ పర్సెంట్ అలైన్‌మెంట్!" అని హర్ష మైకులో అరిచాడు. మేనేజర్లు రాసుకున్నారు. మంత్రిగారు డ్రోన్ వైపు చెయ్యి ఊపారు. పదవి దక్కినట్టే అనుకున్నాన్నేను.

సరిగ్గా అప్పుడే నాంచారమ్మ మజ్జిగ కుండ తెచ్చి కుడి పక్క దించింది.

"మాకు లేదా పెద్దమ్మా?" అన్నాడు ప్రభుదాసు ఎడమ పక్క నుంచి.

"మీరు ప్రతిపక్షం గదా! ప్రతిపక్షానికి మజ్జిగెవరిస్తారు?" అన్నాడు వెంకట్రామయ్య. పార్టీలో చేరి వారం కాలేదు గానీ పాలకపక్షం ఒంటపట్టేసింది.

ప్రభుదాసు మోకు వదిలి, రోడ్డు దాటి, నేరుగా మంత్రిగారి ముందుకొచ్చాడు. మజ్జిగ గురించి మొరపెట్టుకుందామనే వచ్చాడు. కానీ మర్యాదస్థుడు కావడంతో ముందు నమస్కారం పెట్టి మెడ వంచాడు. మంత్రిగారి చేతులు కండువా కప్పేశాయి. కండువా పడగానే నాంచారమ్మ గ్లాసు అందించింది. అది చూసి లారీలో వచ్చిన వాళ్ళందరూ వరసకట్టి మెడలు వంచారు.

"లైవ్ కన్వర్షన్!" హర్ష గొంతు బొంగురుపోయింది. మేనేజర్లు లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. మజ్జిగ తాగినవాళ్ళంతా ఉత్సాహంగా పోయి కుడి మోకులు పట్టుకున్నారు. ఎడమ మోకులు రోడ్డు మీద పడి ఉన్నాయి.

ప్రభ ముందు కొంచెం ఒరిగింది, పెద్దవాళ్ళకు నమస్కారం పెట్టినంత. తర్వాత బాగా ఒరిగింది.

కొండలు ఈల కీచుమంది. "ఎడమ మోకు! ఒరేయ్, ఎవడన్నా ఎడమ మోకు పట్టుకోండ్రా!"

నేను వెంకట్రామయ్య చెయ్యి పట్టుకుని బతిమాలాను. "మీరు పట్టుకోవచ్చుగా!"

"ఎట్టా పట్టుకునేదయ్యా? ట్రాన్స్‌ఫార్మర్ ఇంకా రాలా!"

ప్రభ గ్యాలరీ మీదికి వంగుతోంది. మేనేజర్లు కుర్చీలు దాటుకుని పరుగెత్తారు. కుడి మోకుల వాళ్ళూ వదిలేసి పరుగెత్తారు, అందరూ ఒకే వైపు, అలైన్‌మెంట్ చెడకుండా. మంత్రిగారొక్కరే మిగిలారు. తల ఎత్తి చూశారు. తన పదవి బల్బులతో సహా తన మీదే పడబోతోంది. పంచె ఎగగట్టి, ట్రక్కు కిందుగా అవతలికి దూరి, ఎడమ మోకు అందుకుని దానికి వేలాడారు. ఆయన మంచి బరువైన మనిషి. ప్రభ ఆగింది. కిర్రుమని నెమ్మదిగా నిటారైంది.

నేను గంతులేశాను, సిగ్గెందుకు? ఆయన చేసిన పని వల్ల ఒక వస్తువు నిలబడటం చూడగలిగిన అదృష్టవంతుణ్ణి నేను.

"వదలమాకండి సార్! వదిలితే పడుద్ది!" అన్నాడు కొండలు. కుడి వాళ్ళు తిరిగొచ్చి మోకులు పట్టుకున్నారు. ప్రభ కదిలింది. వాళ్ళు లాగినప్పుడల్లా మంత్రిగారు గాల్లోకి లేస్తున్నారు.

"ఒరేయ్, మీరంతా నా పార్టీ గదరా! లాగమాకండ్రా!"

"మీ పార్టీ కాబట్టే లాగుతున్నాం సార్!"

అరచేతులు బొబ్బలెక్కాయి. మజ్జిగ కుండతో వెంట నడుస్తున్న నాంచారమ్మ దగ్గరికొచ్చింది. "ఇంద నాయనా, ఇది చుట్టుకో" అని కుండ కింది కండువా తీసి ఆయన చేతులకు చుట్టి, మిగతా కొస భుజాన వేసింది. ఇటుకరంగు కండువా. డ్రోన్ మంచి ఫొటో కోసం కిందికి దిగింది.

మంత్రిగారి ఫోన్ మోగింది, అధిష్ఠానం నుంచి. హర్ష ఆయన చెవి దగ్గర పెట్టాడు.

"నమస్కారమండీ... అవునండీ, ఎడమ మోకేనండీ... కండువా నాది కాదండీ... వదల్లేనండీ, వదిలితే పడుద్దండీ... నేను కాదండీ, ప్రభ!"

అవతల పెట్టేశారు. కొండ కనపడగానే జనం "చేదుకో కోటయ్యా, చేదుకో!" అని ఎలుగెత్తారు. అందరికంటే గట్టిగా అరిచింది మంత్రిగారే. ప్రభ గీత గీసినట్టు నిటారుగా కొండ కింద నిలబడింది.

ఉగాదికి ఆయన పదవి పోయింది. పార్టీ వ్యతిరేక కార్యకలాపాలని సస్పెన్షన్ కూడా ఇచ్చారు. శాఖ అదే పార్టీ ఎమ్మెల్యే జ్యోతి గారికి దక్కింది, శాఖతో పాటు హర్ష కూడా.

మరుసటి శివరాత్రికి మళ్ళీ వేములగుంటపాలెం వెళ్ళాను. ఎడమ మోకుల దగ్గర నిండా జనం. వెంకట్రామయ్యతో సహా ట్రాన్స్‌ఫార్మర్ రాని వాళ్ళంతా వెనక్కొచ్చేశారు. అందరికీ ముందు ఇటుకరంగు కండువాతో తిరుపతిరావు గారు, మోకు చేతికి రెండు చుట్లు చుట్టుకుని నిలబడి ఉన్నారు. చిక్కారు గానీ మొహంలో కళ ఉంది.

"ఆ రోజు తెలిసొచ్చింది తమ్ముడూ" అన్నారు నాతో. "ఎదురు లాగేవాడు లేకపోతే ఏదీ నిలబడదు. ఈ మోకు ఇక చచ్చినా వదలను."

నాకు కళ్ళు చెమర్చాయి. రాసుకుందామని పెన్ను తీశాను. ఇంతలో కారొచ్చి ఆగింది. మంత్రి జ్యోతి గారు దిగి, వంకాయరంగు కండువా చేతిలో పట్టుకుని, "అన్నయ్యా, బాగున్నారా?" అంటూ నేరుగా ఆయన ముందుకొచ్చారు.

తిరుపతిరావు గారి మెడ దానంతటదే వంగింది.

ట్రక్కు మీద కొండలు గబగబా ఈల నోట్లో పెట్టుకున్నాడు.