పెద్దల మాట మీద వచ్చిన ప్యాకేజీలు

లినక్స్ కంప్యూటర్‌లో ఒకే సాఫ్ట్‌వేర్‌ను నాలుగు దారుల్లో ఎక్కించుకునే స్వేచ్ఛ ప్రతి పౌరుడికీ ఉంది. ఆ స్వేచ్ఛను ఆసాంతం వాడుకున్న ఘనత ఆకివీడు దగ్గర చేపల చెరువుల మధ్యనున్న ఒక చర్చి కమిటీకే దక్కింది.

ఆ చర్చిలో పాటల పని చూసే కెజియా, పాటలను తెర మీద చూపించే సాఫ్ట్‌వేర్‌ను మొదట కంప్యూటర్‌లోని స్టోర్ నుంచే తెచ్చుకుంది. అది ఫ్లాట్‌పాక్ రకం. తన సామానంతా తన గదిలోనే పెట్టుకుని తలుపేసుకుంటుంది. స్కూల్లో లెక్కలు చెప్పి వచ్చి, రోజూ కూర్చుని, రెండు నెలల్లో మూడు వందల నలభై పాటలు అందులో టైపు చేసింది. కోత పండుగకు బిషప్ గారు వస్తున్నారు. ఆ రోజు తన పాటలు తెర మీద కనబడాలని ఆమె ఆశ.

ఈలోగా కార్యదర్శి పాపారావు గారు అదే సాఫ్ట్‌వేర్‌ను పెన్‌డ్రైవ్‌లో పెట్టుకుని వచ్చారు. "ఇది యాప్‌ఇమేజ్ అమ్మా. ఎక్కించక్కర్లేదు, నొక్కితే చాలు. మా తోడల్లుడు ఇచ్చాడు." ట్రెజరర్ సుకుమార్ గారు వెబ్‌సైట్ నుంచి దాన్నే డెబ్ ఫైలుగా దించుకొచ్చారు. స్త్రీల సమాజం ప్రభావతి గారు, "నాకు స్నాప్ అయితేనే నమ్మకమమ్మా" అన్నారు. (స్నాప్ అంటే ఏమిటని ఆవిడను ఎవరూ అడగలేదు. అడగడం మర్యాద కాదు.) కెజియా ముగ్గురికీ "అలాగేనండీ" అని మూడూ కంప్యూటర్‌లో పెట్టింది. పెద్దవాళ్లు మోసుకొచ్చిన కూరను వడ్డించకుండా పక్కన పెట్టే ధైర్యం ఈ వైపు ఎవరికీ లేదు.

పండుగ ముందు శనివారం పాపారావు గారు తాను తెచ్చినదాని బొమ్మ నొక్కి చూస్తే ఒక్క పాటా లేదు. ఒకదాంట్లో టైపు చేసినవి ఇంకోదానికి తెలియవని కెజియా చెప్పబోయేలోగా కమిటీ అత్యవసరంగా సమావేశమైంది. గందరగోళం పోవాలంటే ఒకటి తీసెయ్యాలి. సుకుమార్ గారిది తీస్తే ఆయన నొచ్చుకుంటారు. ప్రభావతి గారిది తీస్తే స్త్రీల సమాజం మొత్తం నొచ్చుకుంటుంది. పాపారావు గారిది తీస్తే తోడల్లుడు పండుగ భోజనానికి రాడు. ఏ పెద్దా సిఫారసు చెయ్యనిది ఒక్కటే మిగిలింది.

"ఏవండీ, ఆగండి! పాటలన్నీ దాంట్లోనే ఉన్నాయండీ!" అంటూ కెజియా మైకు తీగలు దాటుకుని పరిగెత్తుకొచ్చింది. అప్పటికే కంప్యూటర్, "డేటా కూడా తీసేయమంటారా?" అని అడుగుతోంది.

యంత్రమే అంత మర్యాదగా అడిగాక కాదనడం ఎలా? "అవునండీ" అంటూ పాపారావు గారు నొక్కేశారు. కెజియాకు ఏడుపొచ్చింది.

సమస్య ఏకగ్రీవంగా పరిష్కారమైందని మినిట్స్ పుస్తకంలో రాసుకున్నారు. ఏ పెద్దకూ చిన్నతనం కలగకుండా, తెల్లారేలోగా పాటలను మిగిలిన మూడింటిలోనూ టైపు చేయవలసిందిగా కెజియాను కోరారు.