నూటికి నూరు సేవాభావం

నర్సు పని నేర్చుకుంటున్న ఆడపిల్లల్లో సేవాభావం ఏ మేరకున్నదో కొలిచి తెలపవలసిందని 1979లో పైనుంచి ఉత్తర్వు వచ్చింది. స్టైఫండు పెంచాలా వద్దా అన్నది ఆ కొలతను బట్టి తేలుతుందట. కొలిచే భారం హన్మకొండ ఆఫీసులో ఏడేళ్ళుగా టెంపరరీ గుమాస్తాగా ఉన్న వెంకట్రాజం మీద పడింది. పని సవ్యంగా చేస్తే పర్మనెంటు చేయిస్తానని సర్వే సంఘం అధ్యక్షులు కిషన్ రావు గారు మాటిచ్చారు.

వెంకట్రాజం అమాయకుడు. 'మీరు ఈ వృత్తిలోకి ఎందుకు వచ్చారు?' అని రాసి, కింద ఖాళీ వదిలాడు. ఆ ఖాళీ చూసి అధ్యక్షులవారు హడలిపోయారు.

"ఖాళీ ఇస్తే ఏది బడితే అది రాస్తరయ్యా! జనానికి జర తొవ్వ జూపాలె."

తొవ్వ చూపడానికి ఉపసంఘం పుట్టింది. మిర్చి బజ్జీల సాక్షిగా పదకొండుసార్లు సమావేశమైంది. 'జీతం' అన్న మాట నర్సుల పవిత్రతకు భంగమని కొట్టేశారు. 'ఉపాధి'లో కూడా జీతం వాసన వస్తోందన్నారు. చివరికి ప్రశ్న ఇలా తేలింది: 'దీనజనుల పట్ల మీ హృదయంలో పొంగే కరుణ వల్లనే గదా ఈ వృత్తిని చేపట్టినారు? అ) అవును. ఆ) ముమ్మాటికీ అవును.' నిర్భయంగా జవాబివ్వవచ్చని అడుగున అచ్చు వేయించారు.

నూట ఇరవై కాగితాలు తిరిగొచ్చాయి. నూట పంతొమ్మిదింట కరుణ పొంగిపొర్లింది. మిగిలిన ఒక్కదానిలో డోర్నకల్ పిల్ల సువార్తమ్మ రెండు జవాబులూ కొట్టేసి, 'నెలనెలా వచ్చే స్టైఫండు కోసం' అని రాసి, కింద పేరు కూడా పెట్టింది.

కాగితాలకు నంబర్లున్నాయి గనుక చింపడం నిబంధనలకు విరుద్ధం. జవాబు మార్పించడం విరుద్ధమని మాత్రం ఎక్కడా లేదు. "నూటికి నూరు రాకుంటే నీ పర్మనెంటు సంగతి మర్చిపో" అని కిషన్ రావు గారు వెంకట్రాజాన్ని దవాఖానకు తోలారు.

సువార్తమ్మ చేతులు తుడుచుకుంటూ వరండాలోకి వచ్చింది. "నేను అబద్ధం రాయలే సార్. నాయిన రైల్వేల పనిజేస్తు కాలు పోగొట్టుకున్నడు. తమ్ముండ్లిద్దరు సదువుతాండ్రు. ఉన్నమాట రాస్తే స్టైఫండు పెంచుతరేమో అనుకున్న."

వెంకట్రాజం గుండె కరిగింది. తన మీది జాలితోనే కరిగింది. ఏడేళ్ళ టెంపరరీ బతుకంతా కన్నీళ్ళతో ఆ పిల్ల ముందు వెళ్ళబోసుకున్నాడు.

"ఏడ్వకు అన్నా" అంది సువార్తమ్మ. "నా ఒక్క టిక్కుతోని నీ నౌకరి నిలుస్తదంటే అంతకన్న ఏంగావాలె? ఫికర్ జెయ్యకు, ఇటు తే." అదే నంబరు వేసి అతను తెచ్చిన ఇంకో కాగితం తీసుకుని 'ముమ్మాటికీ' దగ్గర టిక్కు పెట్టింది. మొత్తం సర్వేలో ఎదుటి మనిషి కోసం పడిన టిక్కు అదొక్కటే. దాన్ని లెక్కించే గడి మాత్రం ఉపసంఘం వారు పెట్టలేదు.

వెంకట్రాజం పర్మనెంటయ్యాడు. మొదటి రోజునే రిపోర్టు టైపు చేసే భాగ్యం కూడా అతనికే దక్కింది. 'నూటికి నూరుగురూ కరుణతోనే వచ్చినట్లు రుజువైనందున, స్టైఫండు పెంచి వారి ఆశయాన్ని కించపరచరాదని సిఫారసు చేయనైనది.'

ఆ వాక్యం దగ్గర అతని వేళ్ళు ఆగిపోయాయి. సిగ్గేసింది, నిజంగానే సిగ్గేసింది. ఒక గ్లాసు నీళ్ళు తాగి, మళ్ళీ టైపు చేశాడు.

అదే ఫైలులో సంఘ సభ్యుల భత్యాలు రెట్టింపు చేయాలన్న ప్రతిపాదన కూడా పైకి పోయింది. వారిని ఎవరూ ఏ ప్రశ్నా అడగలేదు గనుక వారం తిరక్కుండానే మంజూరైంది.