అచ్చియ్యమ్మ అంబలి

దసరా పొద్దున్న ఝాన్సీ తలపెట్టింది చాలా చిన్న పని. మినప్పప్పు రుబ్బి గారెలు వేయాలి, మొదటి వాయి అత్తగారికి పెట్టాలి, బాగున్నాయనిపించుకోవాలి. చోడవరంలో ఆ వీధి మొత్తం మీద గారె బాగోగులు తేల్చి చెప్పగల మనిషి అత్తగారు అచ్చియ్యమ్మే.

అలాంటి అచ్చియ్యమ్మ పళ్ళెం పక్కకు నెట్టేసింది.

"నాకొద్దమ్మా. సోడంబలి కాసియ్యి, సాలు."

"పండగపూట అంబలేటత్తయ్యా? ఒంట్లో బాగోలేదా?"

"బాగానే ఉంది. తినాలని లేదు."

తినాలని లేదన్న మనిషి గారెలు కనబడకుండా గోడవైపు తిరిగి కూర్చుంది. ఝాన్సీ పళ్ళెం తీసుకుని వంటింట్లోకి నడిచింది. ఇది అలకే, సందేహం లేదు. నిన్న వంటింట్లో "నెయ్యి అప్పుడే అయిపోవచ్చిందే" అని తను పైకే అనేసింది. అత్తగారు వినే ఉంటుంది. మొగుడు ఉదయ్‌కుమార్‌తో చెప్పుకుంటే, అతను పేపరు దించకుండానే, "నువ్వేదో అనుంటావు" అన్నాడు.

పక్కింటి నరసమ్మ పెరటిగోడ మీంచి తొంగిచూసింది. ఇల్లంతా గారెల వాసన. పెద్దావిడ మాత్రం నూతిగట్టు మీద ఉల్లిపాయ నంజుకుంటూ చోళ్ళతో, అంటే రాగులతో కాచిన అంబలి తాగుతోంది.

"ఇదేటి వదినా, పండగనాడు?"

"నాకింతే సాలొదినా," అని అచ్చియ్యమ్మ నిట్టూర్చింది. ఆ నిట్టూర్పు గారెల కోసం. నరసమ్మ దాన్ని కోడలి ఆరళ్ళ కింద జమకట్టింది.

మర్నాటినుంచి నరసమ్మ ఆవిణ్ణి పెరటిదారిన తనింటికి పిలిచి బూరెలు పెట్టసాగింది. "తిను వదినా, మీ కోడలికి నాను సెప్పనులే." అచ్చియ్యమ్మ వద్దు వద్దంటూనే తినేది. ఇంట్లో తిననని మనసులో ఒట్టు పెట్టుకుంది గాని, పక్కింటి సంగతి ఆ ఒట్టులో లేదు.

మూతి తుడుచుకుంటూ వస్తున్న అత్తగారిని చూసి ఝాన్సీకి అనుమానం రెట్టింపయింది. నామీద చాడీలు చెప్పి వస్తోందనుకుంది. రేపీవిడ కళ్ళు తిరిగి పడిపోతే, పండగపూట కోడలు కడుపు మాడ్చిందని ఊరంతా అంటుందని భయపడింది; ఆ బెంగతో తనే సరిగ్గా తినడం మానేసింది. ఎందుకైనా మంచిదని అంబలిలో గరిటెడు నెయ్యి, పెద్ద బెల్లంముక్క కలపడం మొదలుపెట్టింది.

"ఏటే, ఇంత కమ్మగుందీ?" అంది అచ్చియ్యమ్మ చెంబులోకి అనుమానంగా చూస్తూ.

"కొత్త చోళ్ళత్తయ్యా."

"అయితే ఇంకొంచెం పొయ్యి."

అలా ఒకరినొకరు ఓరకంట కనిపెట్టుకుంటూ దీపావళి దాకా వచ్చారు. ఈలోగా నరసమ్మ మాట బస్సెక్కి బుచ్చయ్యపేట చేరింది. అక్కడ కాపురముంటున్న అచ్చియ్యమ్మ కూతురు కావేరి, మాడుగుల హల్వా పొట్లంతో వచ్చి గుమ్మంలోనే నిలబడి నిలదీసింది.

"వదినా, మా అమ్మకి అంబలి పోసి మీరు గారెలు తింటన్నారంట?"

"అత్తయ్యే అడిగారమ్మా!"

"అడుగుతాది! నోరున్న మనిషా మాయమ్మ?"

ఆ మాటకు ఉదయ్‌కుమార్ మొదటిసారి పేపరు దించాడు.

"సగమైపోనాది తల్లీ!" అంటూ నరసమ్మ గోడ మీంచే సాక్ష్యం పలికింది. "సెంపలు సూడు, ఎలా పీక్కుపోనాయో!"

అందరూ చూశారు. చెంపలు నిండుగానే ఉన్నాయి.

"అది వాపు," అంది నరసమ్మ.

కావేరి ఏడుపు లంకించుకుంది. అమ్మని ఈ క్షణమే తీసుకుపోతానంది. అయితే తనూ పుట్టింటికి పోతానని ఝాన్సీ లోపలికెళ్ళి పెట్టె సర్దింది. ఉదయ్‌కుమార్ తల పట్టుకున్నాడు.

"ఆగండే! బస్టాండులో బరువు మిషనుంది. సిక్కిందో లేదో అదే సెప్పేస్తాది," అంది నరసమ్మ, తనూ బయల్దేరుతూ.

విచిత్రంగా అందరికంటే ముందు చెప్పులు తొడుక్కున్నది అచ్చియ్యమ్మే.

బస్టాండులో దీపాలు గిర్రున తిరిగే మిషను మీద ఆవిడ కళ్ళు మూసుకుని నిలబడింది. టక్కున టికెట్టు పడింది.

"ఎనభై రెండు," అని చదివాడు కొడుకు.

"సరిగ్గా సదవరా!"

"ఎనభై రెండేనమ్మా."

"ఈ మిషను పాడుగాను! అనకాపల్లి డాక్టరు సూసినపుడు డెబ్బయ్యెనిమిదే కదరా!"

"ఏ డాక్టరు?" అన్నారు అందరూ ఒక్కసారే.

అచ్చియ్యమ్మ మిషను దిగి, చెంగుతో మొహం తుడుచుకుంది.

"మోకాళ్ళ నొప్పులని ఎల్లేను. ఒళ్ళు తగ్గించమన్నాడు. అదలాగుండనీ. వొచ్చీటప్పుడు ఆటోవోడు నలుగురిలోన నన్ను రెండు సీట్ల డబ్బులియ్యమన్నాడు. ఇది ఎవులికి సెప్పుకోనే? ఈ పండగలకి నోరు కట్టుకుంటే సాలనుకున్నాను. కట్టుకున్నాను కదే! మరెలా పెరిగిపోనాను?"

ఝాన్సీ అత్తగారి దగ్గరికి జరిగింది.

"మీకు నామీద కోపమనుకున్నానత్తయ్యా. నీరసమొస్తుందేమోనని అంబలిలో రోజూ నెయ్యీ బెల్లం కలిపేను."

నరసమ్మ నర్సీపట్నం బస్సు బోర్డు శ్రద్ధగా చదవసాగింది. అచ్చియ్యమ్మ తనవైపే చూస్తోందని తెలిసి, "నానేటి, రెండేసి బూరెలేగా," అని గొణిగింది. కావేరి హల్వా పొట్లాన్ని నెమ్మదిగా వీపు వెనక్కి జరిపింది.

"పిచ్చిదానా, నీమీద నాకు కోపమేటే?" అంటూ అచ్చియ్యమ్మ కోడలి భుజం పట్టుకుంది. పట్టుకున్న భుజం చేతికి ఎముకలా తగిలింది. "ఒరే ఉదయ్, దీన్నోసారి ఎక్కించు."

దసరా ముందు బట్టలు కొనడానికి వచ్చిన రోజు సరదాకి ఎక్కిన ఆ మిషనే, ఝాన్సీ మళ్ళీ ఎక్కింది. ఉదయ్‌కుమార్ టికెట్టు రెండుసార్లు చూశాడు.

పథ్యం చేసింది అత్తగారే గాని, నాలుగు కిలోలు తగ్గింది మాత్రం కోడలు.