క్వార్టరుకు ఐదు నక్షత్రాలు

రాత్రి షిఫ్టు దిగి ఇంటిదారి పట్టిన వీరేందర్‌కు ఆ పూట ఉన్న ఆశ ఒక్కటే. స్నానం చేసి, ఇంత తిని, కూలరు ముందు మంచం వాల్చి సాయంత్రం దాకా ఒళ్ళు తెలియకుండా పడుకోవాలి. గోదావరిఖని ఎండల్లో అంతకు మించిన సుఖాన్ని అతను ఎన్నడూ కోరలేదు. తీరా ఇంటికొస్తే కూలరు ముందు మంచం మీద ఎవరో పెద్దమనిషి ముఖాన తువ్వాలు కప్పుకుని గురక పెడుతున్నాడు.

"ఎవలే గాయన?" అని వంటింట్లో ఉన్న భార్య శోభను అడిగాడు.

"కమాన్‌పూర్ కాక. కంటి ఆపరేషన్ అయింది. మెల్లగ మాట్లాడు."

ఏ కాక, ఎవరి తరఫు కాక అని వీరేందర్ అడగలేదు. బొగ్గుబావుల క్వార్టర్లలో అలా అడిగే అలవాటు లేదు. దవాఖానకొచ్చినా, పరీక్ష రాయడానికొచ్చినా, ఆఖరి బస్సు తప్పిపోయినా పల్లె మనిషికి తమ ఊరివాళ్ళ క్వార్టరే దిక్కు. మొదటి రోజు పేరు అడగడం మరిచిపోతే రెండో రోజు అడగడం మర్యాద కాదు. అందుకని వీరేందర్ చాలామందికి పేరు తెలియకుండానే ఏళ్ళ తరబడి అన్నం పెట్టాడు.

చాప వెతుక్కుంటున్న అతని దగ్గరికి, డిగ్రీ చదువుతున్న కూతురు హర్షిణి అతని ఫోను పట్టుకుని వచ్చింది. అందులో అప్పుడే వచ్చిన నోటీసు ఉంది.

"బాపూ, మన ఇల్లు దొంగ హోటలట. సాయంత్రం తనిఖీకి వస్తరట."

గనులు చూపించే బస్సు మొదలయ్యాక ఆ ప్రాంతానికి టూరిస్టుల రాక పెరిగింది. అనుమతి లేకుండా ఇళ్ళను రోజువారీ అద్దెకిచ్చే వాళ్ళను పట్టుకోవడానికి అద్దె గదుల నిఘా విభాగం అని ఒకటి పెట్టి, ఆ పని కంప్యూటరుకు అప్పగించారు. మ్యాపులో పేర్లు, జనం ఇచ్చిన నక్షత్రాలు, రాసిన మాటలు, కరెంటు వాడకం అన్నీ కలిపి చూసి ఫలానా ఇంట్లో ఫలానా వ్యాపారం జరుగుతోందని అది తేల్చేస్తుంది. ఈసారి అది తేల్చిన ఇళ్ళలో అన్నిటికన్నా పైన ఉన్నది ఈ రెండు గదుల క్వార్టరు.

"మనల్నెట్ల పట్టింది గది?"

హర్షిణి తల దించుకుంది. "వచ్చెటోళ్లంత తొవ్వ చెప్పుమని ఫోన్లు చేస్తుండ్రని మన ఇంటిని నేనే మ్యాపుల పెట్టిన. శోభక్క ఇల్లు అని. ఏం రకం జాగ అని అడిగితే హోమ్‌స్టే అని నొక్కిన. చుట్టాలు రాయకుంట ఉంటరా, అందరు ఐదేసి స్టార్లు ఇచ్చిండ్రు."

వచ్చిన చుట్టాలు తిన్న విశ్వాసం మరువలేదు. 'మటన్ మస్తుంది' అని ఒకరు, 'శోభక్క పొమ్మన్నా సుత పోబుద్ధి కాదు' అని ఒకరు రాశారు. కింద శోభ ఫోను నంబరు కూడా ఉంది.

వీరేందర్ నిద్ర ఎగిరిపోయింది. కంపెనీ క్వార్టరును అద్దెకిచ్చినట్టు తేలితే ఆ క్వార్టరు పోతుంది. వానొస్తే గిన్నెలు పరుచుకునే పాత కొంపలో ఏళ్ళకేళ్ళు గడిపి, సీనియారిటీ వచ్చాక దక్కించుకున్న ఇల్లు ఇది. తాళంచెవి చేతికిచ్చిన రోజు శోభ గుమ్మం పట్టుకుని ఏడ్చింది. మళ్ళీ ఆమెను ఆ పాత కొంపకు తీసుకెళ్ళలేక అతను పక్కింటికి పరుగెత్తాడు.

పక్క క్వార్టరు సదయ్య యూనియన్ మనిషి. ఎవరి కష్టానికైనా సలహా లేకుండా ఉండడు. "ఫికర్ చెయ్యకు. స్టార్లు ఎక్కువైనయని గద పట్టుకున్నరు. అందరికి ఫోన్ చేసి తగ్గియ్యమను."

ఫోన్లు వెళ్ళాయి. వీరేందర్ ఆపదలో ఉన్నాడనగానే చుట్టాలు ఒక్కరూ వెనక్కి తగ్గలేదు. మందమర్రి బావ 'మంచంల నల్లులున్నయి' అని రాశాడు. రామగుండం చిన్నమ్మ 'పప్పుల పురుగులు' అని రాయించింది. ఇంకెవరో ఇంకా ప్రేమ ఉన్నవాడు 'తిన్న తెల్లారి దవాఖానల పడ్డ' అని రాశాడు. కంప్యూటరు ఇవన్నీ చదివింది. అనుమతి లేని హోటల్లో జనం ప్రాణాలు పోతున్నాయని నిర్ణయించి, సాయంత్రం జరగాల్సిన తనిఖీని మధ్యాహ్నానికి జరిపింది.

ఆ వచ్చిన అధికారి పేరు వేణుమాధవ్. కోస్తా వైపు నుంచి కొత్తగా బదిలీ మీద వచ్చినవాడు. ఎండకు ముఖమంతా కందిపోయి గుమ్మంలో నిలబడ్డాడు. వీరేందర్ సదయ్య ఇంటి నుంచి పరుగున వచ్చేలోపే శోభ అతనికి కాళ్ళకు నీళ్ళిచ్చింది, మజ్జిగ ఇచ్చింది.

"లోపట మంచాలు ఖాళీ లెవ్వు తమ్మీ. ఇయ్యాల్టికి వరండల సర్దుకో. రేపు కాక పోతడు, కూలరు నీకే."

"రోజూ ఇలాగే నిండిపోతాయాండీ?" అని అడిగాడు వేణుమాధవ్, చేతిలోని ట్యాబ్ తెరుస్తూ.

"ఎండకాలం గంతే తమ్మీ. పెండ్లిళ్ల దినాలల్ల వాకిట్ల సుత పండుకుంటరు."

అప్పుడే లోపలికొచ్చిన వీరేందర్ ఆ మాట విన్నాడు. వచ్చింది ఎవరో సైగలతో భార్యకు చెప్పి, అధికారికి చేతులు జోడించాడు. "సార్, వీళ్లంత మా చుట్టాలు. ఒక్క రూపాయి తీస్కోలె."

"సంతోషం. మంచం మీద ఉన్నాయన పేరు చెప్పండి."

"కాక సార్."

"పేరండీ."

వీరేందర్ శోభ వైపు చూశాడు. శోభ హర్షిణి వైపు చూసింది. కాక లేచి తన పేరు తనే చెబుదామనుకున్నాడు గాని, అప్పుడే కంట్లో మందు వేశారు, మందు వేశాక కదలొద్దని, మాట్లాడొద్దని డాక్టరు చెప్పాడు.

వేణుమాధవ్ ఏదో రాసుకోవడం చూసి వీరేందర్‌కు ఒళ్ళు మండింది. రాత్రంతా నిద్ర లేని మనిషి. "సార్, పేర్లు తెల్వకపోతే మావోళ్లు కాకుంట పోతరా? ఈ ఇంట్ల ఒక్క పరాయి మనిషి పండుకున్నడని చూపెట్టుండ్రి. గిప్పుడే తాళంచెవి మీ చేతుల పెడత."

అన్నంతసేపు పట్టలేదు. వెనక గదిలోంచి బ్యాగులు తగిలించుకుని ఒక పడుచుజంట బయటికొచ్చింది. ఆ అమ్మాయి పేరు మైత్రి. మొగుడితో కలిసి రెండు రోజులుగా ఆ ఇంట్లోనే ఉంటోంది.

"అక్కా, గనులన్నీ చూసేశాం, ట్రైనుకు వేళైంది. మొత్తం ఎంతైందో చెబితే ఫోన్లో పంపిస్తాం."

వేణుమాధవ్ ట్యాబ్ మీంచి తల ఎత్తాడు.

"వీళ్లు మీ తల్లిగారి దిక్కోళ్లు గాదా?" అన్నాడు వీరేందర్ శోభ వైపు తిరిగి.

"మీ చిన్నాయిన తరఫోళ్లు అనుకున్న," అంది శోభ. "ఇద్దరం వస్తున్నమని ఫోన్ చేసిండ్రు. రాండ్రి అన్న."

వేణుమాధవ్ తాళంచెవి కోసం చెయ్యి చాపాడు. వీరేందర్ మేకుకున్నది తీసి ఆ చేతిలో పెట్టాడు. అది చూసి శోభకు ముందు ఏడుపొచ్చింది, తర్వాత ఆ అమ్మాయి మీద కోపమొచ్చింది.

"ఎంతైందంటవేంది బిడ్డా? తిన్న అన్నానికి పైసలిస్తవా? నేను నిన్ను గట్లనే చూసిన్నా?"

మైత్రి బిత్తరపోయింది. "అది కాదక్కా, మ్యాపులో హోమ్‌స్టే అని ఉంటే..."

"ఏముంటేంది? కూసో."

శోభ లోపలికెళ్ళి పళ్ళెం తెచ్చింది. మైత్రికి బొట్టు పెట్టి, ఒళ్ళో జాకెట్ గుడ్డ పెట్టి, దోసెడు బియ్యం పోసింది. దారిలో తినమని సర్వపిండి పొట్లం కట్టింది. మొదటిసారి ఇంటికొచ్చిన ఆడపిల్లను ఉత్త చేతులతో పంపరని గుర్తొచ్చి, వీరేందర్ జేబులోంచి వంద నోటు తీసి ఆ పిల్ల గుప్పిట్లో పెట్టింది. మైత్రి కళ్ళు తుడుచుకుంది. ఆమె మొగుడు వంగి కాక కాళ్ళకు కూడా దండం పెట్టాడు.

వేణుమాధవ్ ట్యాబ్ ముందు చాలాసేపు కూర్చున్నాడు. టూరిస్టు నుంచి వచ్చిన ఆదాయం ఎంత అని అది అడుగుతోంది. మైనస్ వంద అని కొడితే చెల్లదంటోంది. జాకెట్ గుడ్డకు అందులో చోటే లేదు. చివరికి అతను తాళంచెవిని వీరేందర్ చేతిలో పెట్టేసి, కారణం దగ్గర 'బంధువులు' అని రాశాడు.

"ఇక మీ జోలికి రారులెండి," అన్నాడు.

వీరేందర్ తాళంచెవిని గట్టిగా పట్టుకుని అక్కడే గోడకు చేరగిలబడ్డాడు. శోభ అధికారికి అన్నం వడ్డించింది. మ్యాపులోంచి ఇంటిని తీసేయమని కూతురికి మరీ మరీ చెప్పింది.

అయితే ఆ కంప్యూటరు చెప్పింది నేర్చుకునే రకం. ముక్కూ మొహం తెలియని వాళ్ళు వచ్చి, తిని, పడుకుని వెళితే దాన్ని బంధుత్వం అంటారని అది గ్రహించింది. వారం తిరిగేసరికి ఆ చుట్టుపక్కల దొంగ హోటలన్నది ఒక్కటీ మిగల్లేదు, అందరూ బంధువులే.