ఇంజన్ లేని విమానమే క్షేమం

విమానం నడుపుడు నేర్సుకునేటోళ్ల కాడ విమానం ఉండనే ఉండొద్దు! తప్పక ఉండాల్నంటె, దానికి ఇంజన్ ఉండొద్దు. నవ్వకుండ్రి. నవ్వుడు అందరికీ వస్తది, జర ఇనుండ్రి ముందుగాల్ల.

విమానాలు ఎందుకు కూలుతయి? ఎగిరితెనే గదా! నేల మీద నిలవడ్డ విమానం కూలిపోయిందని ఏ పేపర్ల అన్న సదివిండ్రా? కింద కూసున్నోడు ఇంక యాడ పడతడు? ఇంజన్ లేకుంటే చప్పుడు లేదు, పొగ లేదు, పక్క చేన్ల బర్లు బెదరయి. ఎవలికీ వాంతులు గావు. ఈత రావాలంటే బాయిల దుంకాలె అని మన తాతలు చెప్పిండ్రు. పాపం, వాళ్ల కాలంల అకాడమీలు లేవు.

గింత గొప్ప చదువును కనిపెట్టింది ఎవలనుకున్నరు? అమెరికోడు గాదు, జపానోడు గాదు. మన జనగామోడు! జనగామ కెల్లి తరిగొప్పులకు పోయే తొవ్వల, పత్తి చేన్ల నడుమ ఉండె ‘గగనసీమ ఏవియేషన్ అకాడమీ’. తెలంగాణ కావాలని ఊరూరు లేచిన రోజులు గవి.

గా అకాడమీల చేరింది సుమయ్యా. మహబూబాబాద్ స్టేషన్ ముంగట ఆటో నడిపే అబ్దుల్ సత్తార్ బిడ్డ. ఇంటర్‌ల ఫిజిక్సు, లెక్కలు దంచికొట్టిన పిల్ల. చిన్నప్పటి సంది ఆకాశంల తెల్ల గీత కనవడితె చాలు, నోట్లె పెట్టుకున్న ముద్ద మింగుడు మరిచిపోయేది. సత్తార్ భాయ్ ఊరవతల ఉన్న జాగ అమ్మి చేర్పించిండు. “నేను మూడు చక్రాల బండి తోలుతున్న బేటీ, నువ్వు రెక్కల బండి తోలు” అన్నడు.

ఆమెతోని చేరినోడు కృపాకర్, భూపాలపల్లి పిల్లగాడు. బాపు భూమి లోపటికి దిగి బొగ్గు తీస్తడు, కొడుకు ఆకాశంలకు పోతనంటడు. మరి నడుమ భూమి మీద కొలువులు ఉంటే గదా!

పెద్ద విమానం నడిపే కొలువు రావాలంటే రెండు వందల గంటలు గాలిల ఎగిరినట్టు ఒక పుస్తకంల రాసి ఉండాలె. దాన్ని లాగ్‌బుక్ అంటరు. గది సర్కారు రూలు. రూల్ల మనోళ్లు ‘ఎగిరినట్టు’ అన్న మాటను ఇడిసిపెట్టి ‘రాసి ఉండాలె’ అన్న మాటను గట్టిగ పట్టుకున్నరు.

పట్టుకున్నాయన పేరు మహిపాల్. అకాడమీ డైరెక్టర్. అందరు కెప్టెన్ సాబ్ అంటరు. అబద్ధమేం గాదు, కాలేజీల కబడ్డీ టీముకు కెప్టెనే! ఇస్త్రీ చేసిన తెల్ల అంగి, బుజాల మీద నాలుగు బంగారు పట్టీలు, నల్ల అద్దాలు. ఆయన నడిసొస్తుంటే సత్తార్ భాయ్ అసొంటోళ్లు కండ్ల నిండ చూసుకొని మురిసిపోయేటోళ్లు.

ఇగ శిక్షణ చూడుండ్రి. పొద్దుగాల్ల విమానం తుడుసుడు. ఇద్దరు కూసునే సన్న విమానం అది. ముక్కు మీది మూత తీస్తె లోపట ఇంజన్ ఉండాల్సిన జాగల పావురాలు గూడు పెట్టుకున్నయి. ఆ అకాడమీల లైసెన్సు లేకుంట ఎగిరింది గా పావురాలే.

“ఇంజన్ యాడికి పోయింది సార్?” అని సుమయ్యా అడిగింది, చేరిన రెండో దినం.

“రిపేరుకు బెంగుళూరు పోయిందమ్మా.”

“ఎప్పుడొస్తది సార్?”

“తెలంగాణ వచ్చినంక!”

తప్పు వట్టేటందుకు ఏమున్నది చెప్పుండ్రి? గప్పుడు అందరం గదే మాట అంటుండె. బోర్ల నీళ్లెప్పుడొస్తయి? తెలంగాణ వచ్చినంక. దవాఖానకు డాక్టర్ ఎప్పుడొస్తడు? తెలంగాణ వచ్చినంక. గంత మంది గన్ని ఆశలు పెట్టుకున్న మాట ఎనకాల ఒక్క ఇంజన్ దాసుకునుడు పెద్ద కష్టమా?

పదకొండు గొట్టంగ ప్రాక్టికల్స్. విమానానికి మోకు కట్టి ట్రాక్టరుతోని రన్‌వే మీద గుంజుతరు. సుమయ్యా లోపట కూసొని హ్యాండిల్ అటు తిప్పుతది, ఇటు తిప్పుతది. ట్రాక్టర్ ఎటు పోతె విమానం అటు పోతది. కొసకు పోయినంక మలుపుకొని వస్తరు. మోకు ఇప్పితె ల్యాండింగ్ అయినట్టే! చిన్న కుదుపు లేదు. ప్రపంచంల గింత మెత్తటి ల్యాండింగ్ ఇంకెవలికి సాధ్యమైతది?

పగటీలి శాంతి మేడం క్లాసు. విమానంల పైలట్ మైకు పట్టుకొని మాట్లాడుతడు గదా, ఆ మాటలు నేర్పేటందుకు ఆమెను పట్నం కెల్లి పిలిపించిండ్రు. ఏ దినం చూసినా సుమయ్యా నోరు కడుగుడే ఆమె పని. “గిట్ల, గట్ల అనకూడదమ్మా! యాస మార్చుకో. ఈ భాష వింటే ప్యాసెంజర్లు దిగిపోతారు!”

“గాలిలకు లేసినంక యాడికి దిగుతరు మేడం?” అన్నది సుమయ్యా.

కృపాకర్ నవ్విండు, ఇద్దరినీ బయట నిలవెట్టిండ్రు. మేడం తప్పేం లేదు. మన మాట మాట్లాడేటోడు సినిమాల జేబుదొంగన్న కావాలె, జోకరన్న కావాలె. పైలట్ అయితె జనం పరేషాన్ గారా? ఇంజన్ లేకుంటే ఏమాయె, యాస మంచిగుండాలె!

ఇగ ఈ చదువుకు అసలు గురువు దుర్గయ్య. అకాడమీ క్లర్కు. ఎనకట రైసుమిల్లుల లారీ ట్రిప్పులు రాసిన చెయ్యి. ఇప్పుడు లాగ్‌బుక్కులు రాస్తడు. సుమయ్యా దినానికి గంటన్నర ఎగురుతది, కృపాకర్ రెండు గంటలు. మబ్బున్నా వానున్నా దుర్గయ్య పెన్ను ఆగది. కానీ మనిషి నియమం తప్పడు! అమాస నాడు బండి తియ్యొద్దు గనక విమానం గూడ తియ్యడు. సోమ, శనివారాలు తూర్పుకు పోవద్దు గనక ఆ రెండు దినాలు మహబూబాబాద్ దిక్కు ఎవలిని పంపడు. రాహుకాలంల టేకాఫ్ రాయమంటె పెన్నుకు మూత పెడతడు. అబద్ధం రాసినా ముహూర్తం చూసి రాసేటోడు ఈ రోజుల్ల ఎవడున్నడు?

ఒక బుధవారం అకాడమీ కెల్లి సుమయ్యా ఇంటికి ఫోన్ చేసిండ్రు. “రేపు పది గంటలకు మీ బిడ్డ మీ ఇంటి మీదికెల్లి పోతది!” అమ్మ అక్బరీ బేగం తొమ్మిదింటికే మిద్దె ఎక్కింది. పదిన్నరకు మస్తు పైన ఎవలిదో విమానం పోయింది. ఆమె మెడ మీది దుపట్టా తీసి, అది కనుమరుగయ్యేదాక ఊపింది. పక్కింటోళ్లను గూడ పిలిచి సూపెట్టింది.

సాయంత్రం ఫోన్ చేసి అడిగింది. “బేటీ, కనవడ్డనా?”

సుమయ్యా ఆ పొద్దంత ట్రాక్టర్ ఎనకాల దుమ్ము తిన్నది. “కనవడ్డవు అమ్మీ. దుపట్టా ఊపినవు గదా!” అన్నది.

“హౌ! హౌ! ఊపిన బేటీ!” అని తల్లి చిన్నపిల్ల లెక్క ఏడ్సింది. సుమయ్యా గా దినం అన్నం ముట్టలే. దుర్గయ్య రాసినవన్నీ దుర్గయ్య అబద్ధాలు, ఇది ఒక్కటి తనది అని కుమిలిపోయింది.

2011ల సకల జనుల సమ్మె వచ్చింది. బస్సులు బందు, బడులు బందు, ఆఫీసులు బందు, బొగ్గు బాయిలు బందు. కృపాకర్ బాపు గని గేటు కాడ టెంటుల కూసున్నడు. సత్తార్ భాయ్ ఆటోకు జెండా కట్టి ఇంటి ముంగట నిలవెట్టిండు. ఇండ్లల్ల బియ్యం నిండుకున్నా జనం పట్టు ఇడువలే. గా దినాలల్ల తెలంగాణల ఆగకుంట నడిసింది ఒక్కటే ఒక్కటి, మన గగనసీమ విమానం! పుస్తకంల.

సమ్మెకు నెల దాటంగనే ఢిల్లీ కెల్లి తనిఖీకి ఒక పెద్దసారు వస్తండని తెలిసింది. సుమయ్యా పుస్తకంల అప్పటికి నూటా తొంభై ఆరు గంటలు నిండినయి. గా సారు సంతకం పెడితె లైసెన్సు దూరం లేదు. కానీ ఎగిరిచ్చి చూపెట్టుమంటె ఎట్ల? మహిపాల్‌కు ఉపాయం తట్టింది. చుట్టుపక్కల ఊర్లల్ల డప్పు కొట్టిచ్చి చాటింపేసిండు: “రన్‌వే మీద వంటావార్పు! బియ్యం, పప్పు కెప్టెన్ సాబ్‌వే!”

రోడ్ల మీద పొయ్యిలు పెట్టి వండుకొని తినుడు గప్పుడు మన లడాయి. కొమురవ్వ ముంగట నడిసింది. డెబ్బై ఏండ్లకు దగ్గరవడ్డ కూలి మనిషి. “బిడ్డా, నీ విమానాల తొవ్వ ఆపితె ఢిల్లీకి ఎరుకైతదా?” అని మహిపాల్‌ను అడిగింది.

“ఎరుకైతదవ్వా! ఢిల్లోడే వస్తండు!”

ముసల్ది నిజంగనే నమ్మింది. మూడు రాళ్లు తెచ్చి సరింగ రన్‌వే నడిమిట్ల పొయ్యి పెట్టింది.

ఢిల్లీ సారు వచ్చిండు. తొవ్వల నాలుగు చోట్ల ఆపి ఆయనతోని జై తెలంగాణ అనిపించి, రెండు చోట్ల కిచిడి తినవెట్టిండ్రు. ఆయాసపడుకుంట కారు దిగేసరికి ముంగట మళ్ల పొయ్యి! మహిపాల్ ఎదురుంగ పోయి చేతులు కట్టుకున్నడు. “ఏం చెప్పాలె సార్! ఉద్యమం. నెల రోజుల సంది విమానం అడుగు తీసి అడుగు వెయ్యలే!”

“నెల రోజుల సందా?” అన్నడు సారు, హిందీల.

“ఒట్టు సార్! పిట్ట సుత ఎగరలే!”

సారు లాగ్‌బుక్ తెరిచిండు. నెల రోజులు దినాం ఎగిరింది విమానం. బస్సులు ఆగిన దినం ఎగిరింది, చాయ్ దుకాణం గూడ బందున్న దినం ఎగిరింది. నడుమ ఒక్క తారీఖు మాత్రం ఖాళీ.

“సమ్మెల అన్ని దినాలు ఎగిరి, సెప్టెంబర్ ఇరవై ఏడు నాడు ఎందుకు ఎగరలే?”

మహిపాల్ నల్ల అద్దాలు తీసిండు. దుర్గయ్యకు మాత్రం ఇన్నేండ్లకు తన పనిని అడిగేటోడు దొరికినట్టయింది. ముంగటికొచ్చి దండం పెట్టిండు. “పెత్రమాస సార్! అమాస నాడు మేం బండి తియ్యం!”

రన్‌వే మీద గంటెలు ఆగినయి.

సారు పుస్తకం మూసి పిల్లల దిక్కు మలిగిండు. “రాతల తప్పులుంటయి. మీరు చెప్పుండ్రి. మీరు ఎగిరిండ్రా?”

కృపాకర్ నేల చూసుకుంట, “ఎస్ సార్” అన్నడు. ఇగ సుమయ్యా. అవునంటె ఇన్ని దినాల కష్టం ఒడ్డుకు వడ్తది. కాదంటె అబ్బా అమ్మిన జాగ పాయె, అమ్మీ ముంగట మొఖం పాయె. ఎనక కెల్లి మహిపాల్ తలకాయ ఊపుతనే ఉన్నడు.

ఆమెకు అబ్బా మాట యాదికొచ్చింది. “ఎక్కినోడు కండ్లు మూసుకొని కూసుంటడు బేటీ. తోలేటోళ్లం మనం తెరుసుకొని ఉండాలె.”

శాంతి మేడం నేర్పిన భాష ఒక్క ముక్క నోటికి రాలే. ఇంట్ల మాట్లాడే దక్కనీలనే చెప్పింది. “ఉడే నై సాబ్. ఖీంచే.” ఎగరలే సార్, గుంజిండ్రు. చెప్పి ట్రాక్టర్‌ను, మోకును చేత్తోని సూపెట్టింది. ఈ యాస ఇంటె ప్యాసెంజర్లు దిగిపోతరని మేడం భయపడ్డది. సారుకు ఒక్కొక్క మాట అర్థమైంది.

అందరి గంటలు కొట్టేసిండ్రు. అకాడమీకి తాళం వడ్డది. కృపాకర్ ఏడాది దాక సుమయ్యాతోని మాట్లాడలే, బాపు దిగిన బాయిలనే దిగిండు. సుమయ్యా ఇంటికి పోయి, అమ్మీని మిద్దె మీదికి తోలుకపోయి, గా దినం తను చూడలేదని చెప్పింది. “నేను మాత్రం నిన్నే చూసిన బేటీ” అన్నది తల్లి.

పాఠకులారా, కథ సల్లగ ముగిసిందనుకుంటున్నరా? 2014ల తెలంగాణ వచ్చింది! జనగామ తొవ్వల తాళం ఇప్పిండ్రు. గదే విమానం, కొత్త రంగు. ‘నవ తెలంగాణ గగన విద్యాలయం’ అని కొత్త బోర్డు. ఆఫీసు గోడకు పెద్ద ఫోటో: రన్‌వే మీద పొయ్యి, పక్కన పిడికిలెత్తిన మహిపాల్. కింద ‘ఉద్యమం కోసం విమానాలను ఆపిన కెప్టెన్’ అని రాసి ఉన్నది. ఫోటోల కొమురవ్వ లేదు. గంటె పట్టుకున్న ఆమె చెయ్యి మాత్రం ఒక మూలకు పడ్డది.

ప్రారంభానికి పిల్లలను పోగుజేసేటందుకు ఆయన మహబూబాబాద్ వచ్చిండు. సత్తార్ భాయ్‌కి చూపు తగ్గింది, స్టేషన్ ముంగట ఆటో ఇప్పుడు సుమయ్యా నడుపుతది. మహిపాల్ గదే ఆటో కాడ ఆగిండు. ఏ మాత్రం తడవడలే! “అమ్మా సుమయ్యా! పాతవన్నీ మరిచిపో. నీ అసొంటి తెలంగాణ ఆడివిల్ల ఇన్‌స్ట్రక్టర్‌గ ఉంటే పేరొస్తది. ఇప్పుడు యాస సుత మార్చుకునే పని లేదు!”

సుమయ్యా ఆయన బుజాల దిక్కు చూసింది. పట్టీలు ఐదయినయి.

“ఇంజన్ వచ్చిందా సార్?”

“రాష్ట్రమే వచ్చింది గదమ్మా!” అని నవ్విండు మహిపాల్.

“రాష్ట్రం మేం తెచ్చుకున్నం సార్” అన్నది సుమయ్యా, ఆటో స్టార్ట్ చేసుకుంట. “మీరు తేవాల్సింది ఇంజన్ ఒక్కటే ఉండె.”